సున్నా పన్ను, రెండు పొయ్యిలు

మా అక్క పింఛను ఆగిపోయిన నెల, ఒకటో తారీఖు పొద్దున, ఆమె ఎప్పటిలాగే నిమ్మచెక్కతో వేళ్లు రుద్ది కడుక్కుని అరుగు మీద కూర్చుంది. ఎండుచేపల పని ఆమెది. ఇన్నేళ్ల ఉప్పు ఆమె వేళ్ల మీది గీతల్ని తినేసింది. పింఛను మిషన్ మీద వేలు పెడితే పడదు. ఒక్కో వేలూ మార్చి మార్చి చూసి, చివరికి ముఖం ఫొటో తీసి డబ్బులిచ్చి పోతారు. ఎటూ ముఖమే చూస్తారని తెలిసినా ఆమె వేళ్లు కడుక్కోవడం మానలేదు.

మా ఊరి సచివాలయంలో పనిచేసే అమ్మాయి మా వీధిలో అందరికీ పింఛను ఇచ్చుకుంటూ వచ్చి, మా ఇంటి ముందు స్కూటీ ఆపింది. దిగలేదు.

"అవ్వా, ఈ నెల నీ పేరు రాలేదు."

"రాకుండా యాడికి పోయింది?"

"ఐటీ అని చూపిస్తా ఉంది."

అక్క నా వైపు తిరిగింది. "ఐటీ అంటే ఏందిరా?"

"ఇన్‌కం టాక్సు," అన్నాను.

"నేనెప్పుడు కట్టినా అది?"

"నువ్వు కాదులే అవ్వా," అని ఆ అమ్మాయి నా వైపు చూడకుండానే చెప్పింది. "సారు."

ఆమె వెళ్లిపోయాక అక్క చాలాసేపు అరుగు మీదే ఉంది. నేను పేపరు చదువుతున్నాను. చదువుతున్నాననే అనుకున్నాను. ఒకే వార్తను రెండోసారి చదువుతున్నట్టు తర్వాత తెలిసింది.

నేను నెల్లూరులో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. అంతకు ముందు ఇదే తీరంలో విలేకరిగా తిరిగాను. రిటైరవడానికి ముందు ఏడాది నా భార్య పోయింది. మాకు పిల్లలు లేరు. టౌన్లో అద్దె ఇల్లు నా ఒక్కడికి ఎందుకని ఖాళీ చేసి, మైపాడు దారిలో ఉన్న మా ఊరికి వచ్చేశాను. మాది చేపల వేట మీద బతికిన కుటుంబం. నాన్న జాగాలో నా జీతం డబ్బులతో వేసిన ఇల్లు ఒకటి ఉంది. మా బావ కామెర్లతో పోయినప్పటి నుంచి అక్క అందులోనే ఉంటోంది. ముందు రెండు గదులు, వెనక ఒక వసారా, ఆ వెనక దొడ్డిలో చేపలు ఎండేసే వెదురు పందిళ్లు. గాలి సముద్రం వైపు నుంచి వీస్తే వాసన ఇంట్లోకి వస్తుంది. అలవాటైనవాళ్లకు అది వాసన కాదు.

వచ్చిన కొత్తలో నేను ఏ పనీ చేయలేదు. పొద్దున మొదటి బస్సుకు పేపరు వచ్చేది. పెన్ను పట్టుకుని చదివేవాణ్ని. తప్పులు దిద్దేవాణ్ని. దిద్దిన పేపరు ఎవరికి పంపాలో తెలియక మడిచి పక్కన పెట్టేవాణ్ని. ఆ పేపర్లలోనే అక్క ఎండుచేపలు పొట్లాలు కట్టి సంతకు తీసుకుపోయేది. అప్పటి నా స్థితిని దుఃఖం అనలేను. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లితే పక్కవాడి కాలు గిల్లినట్టు ఉంటుంది చూడండి, అలా ఉండేది. అన్నం పెడితే తినేవాణ్ని. పెట్టకపోతే అడిగేవాణ్ని కాదు. అక్క అది గమనించి, వేళ తప్పకుండా పెట్టడం మొదలుపెట్టింది.

పని దానంతటదే వచ్చింది. ముత్తుకూరు వైపు ఓడరేవు పనులు చేసే ఒక కంపెనీకి తెలుగు రాసేవాడు కావాల్సివచ్చింది. పాత ఫొటోగ్రాఫరు ఒకాయన నా పేరు చెప్పాడు. పడవలవాళ్లకు హెచ్చరికలు, కూలీలకు జాగ్రత్తల బోర్డులు, చుట్టుపక్కల ఊళ్లలో పంచే నాలుగు పేజీల నెలవారీ పత్రిక, ఇదీ పని. వారంలో సగం రోజులు వెళ్తే చాలు. మిగతాది ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు.

అక్కడికి పోయిన మొదటి వారం ఒక బోర్డు చూపించారు. 'అనధికార మత్స్య కార్యకలాపములు నిషేధించడమైనది' అని ఉంది. దాని కింద ఎవరో వల ఆరేసుకున్నారు. ఇంటికొచ్చి అక్కను అడిగాను, పడవోడికి ఇక్కడ వల వేయొద్దని ఎట్టా చెప్పాలని.

"వేస్తే ఏమౌద్దో చెప్పు. వేయొద్దంటే ఎవుడింటాడు?"

'అడుగున ఇనుము ఉంది. వల చిరుగుతుంది' అని రాసిచ్చాను. కంపెనీలో వాళ్లు దాన్ని రెండు మీటింగుల్లో చర్చించి ఒప్పుకున్నారు. ఆ తర్వాత వలలు ఆరేయడం మాత్రం మానలేదుగానీ నీళ్లలో వేయడం తగ్గిందని చెప్పారు.

ఆ పని నన్ను బాగుచేసిందని చెప్పను. బస్సెక్కించింది. గడ్డం గీయించింది. ఎవరో ఒకరు 'సార్, ఈ వాక్యం సరేనా' అని అడిగేవారు. సరేనో కాదో చెప్పడానికి లోపల పెద్దగా ఏమీ కదలాల్సిన పనిలేదు. చేతి అలవాటు చాలు.

నెలాఖరుకు బ్యాంకులో డబ్బు పడేది. పదోవంతు తక్కువగా పడేది. అడిగితే అకౌంట్స్‌లో ఉన్నాయన, "మీకిచ్చేది జీతం కాదు సార్, ఫీజు. టీడీఎస్ కట్ అవుతుంది," అన్నాడు. నేను తల ఊపి వచ్చేశాను. మా వృత్తిలో ఇలాంటి డబ్బుకు వేరే పేరుంది. మండలాల్లో పనిచేసే విలేకరికి జీతం ఉండదు. అచ్చయిన వార్తలు కత్తిరించి తెల్లకాగితం మీద అంటించి, స్కేలుతో కొలిచి పంపితే, పొడవును బట్టి ఇంత అని ఇస్తారు. లైన్ అకౌంట్ అంటారు దాన్ని. అది పెట్రోలుకూ టీలకూ పోయేది. దాన్ని ఆదాయం అని మాలో ఎవరూ ఎప్పుడూ అనలేదు, అంటే నవ్వేవాళ్లు. కంపెనీ ఇచ్చేదాన్ని కూడా నేను మనసులో ఆ ఖాతాలోనే వేసుకున్నాను.

ఏడాది తిరిగాక ట్రంకు రోడ్డు వెనక సందులో మేడ మీద ఉండే ఆడిటరు దగ్గరికి వెళ్లాను. నాకంటే చాలా చిన్నవాడు, పేపర్లో ఉన్నప్పటి నుంచి పరిచయం. కాగితాలు చూసి కళ్లజోడు పైకి నెట్టాడు.

"అన్నా, ఇన్నాళ్లూ నువ్వు జీతగాడివి. ఇప్పుడు సొంతంగా వృత్తి చేసుకుంటుండావు. ప్రమోషన్ వచ్చింది నీకు."

"వారంలో సగం రోజులు పోతాను. దాన్ని వృత్తి అంటారా?"

"డాక్టరు సగం రోజులే కూర్చుంటే కాంపౌండరైపోతాడా?"

"లైన్ అకౌంట్ లాంటిదయ్యా అది."

"మీ లైన్ అకౌంట్ల సంగతి నాకు చెప్పబాక. మీ పేపరోళ్లు దాన్ని ఆదాయమని ఒప్పుకునుంటే నేనీపాటికి లిఫ్టు పెట్టించుకుందును ఈ మేడకు."

నాకు పడే పన్ను ఎంత అని అడిగాను. చిన్న పెన్షను, కాస్త వడ్డీ, ఈ ఫీజు అన్నీ కూడి చూసి, "సున్నా," అన్నాడు.

"అయితే లెక్క చెప్పడం ఎందుకు?"

"సున్నా అని చెప్పాలి కదన్నా. ఇదివరకు నీ తరఫున మీ పేపరే చెప్పేది. ఇప్పుడు చెప్పేవాడు లేడు, నువ్వే చెప్పాల. చెప్పకపోతే కోసింది కోసినట్టే పోతాది. ఇంకోటి విను. పెన్షనూ వడ్డీ తిని కూర్చున్న పెద్దోళ్లను ముందస్తు పన్ను కట్టమని ఎవురూ అడగరు. వృత్తి ఆదాయం ఉందంటే ఆ మర్యాద పోతాది. పన్ను పడేంత వస్తే ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టుకుంటా పోవాల. నీకంత రాదులే."

"సంతోషం."

"సంతోషమేందన్నా. రావాలని కోరుకోవాల."

రిటర్ను వేశాడు. కోసిన డబ్బు వెనక్కి వచ్చింది. మరుసటి ఏడాదీ వేశాడు, మళ్లీ వచ్చింది. ఆ రెండుసార్లూ నాకు ఫోన్లో మెసేజ్ వచ్చింది. చూసి ఫోను జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత అక్క పింఛను ఆగింది.

అదే రోజు మధ్యాహ్నం ఇద్దరం సచివాలయానికి వెళ్లాం. ఆ అమ్మాయి కంప్యూటర్ తిప్పి చూపించింది. మా ఇద్దరి పేర్లూ ఒకే కుటుంబం కింద ఉన్నాయి. ఇంట్లో ఒకరు ఇన్‌కం టాక్సులో ఉంటే ఆ ఇంటికి పింఛను రాదు.

"నేను కట్టింది సున్నా అమ్మా. కోసింది కూడా వెనక్కిచ్చారు."

"నాకు కట్టిందెంతో కనపడదు సార్. ఐటీ ఉందా, లేదా, అంతే కనపడతాది."

"మమ్మల్ని ఒక ఇంటి కింద ఎవరు రాశారు?"

ఆమె అక్కను చూసింది. అక్క కిటికీలోంచి బయటికి చూసింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది.

నేను ఊరికి వచ్చిన కొత్తలో ఇంటింటికీ తిరిగి కుటుంబాల వివరాలు రాసుకున్నారు. నేను వసారాలో కుర్చీలో ఉన్నాను. వచ్చినతను గడప దగ్గర నిలబడి అక్కను అడిగాడు, సారు మీ ఇంట్లోనేనా అని.

"నా తమ్ముడు నా ఇంట్లో కాక యాడుంటాడు?"

"అన్నం కలిసేనా, వేరే వేరేనా?"

"ఏం మాటలబ్బయా అయ్యి? ఒకే పొయ్యి. రాసుకో పో."

అతను రాసుకుని పోయాడు. నేను విన్నాను. విననట్టు కూర్చున్నాను. అప్పుడు ఏం విన్నా అంతే. అయినా ఆ ప్రశ్నకు మా ఊళ్లో ఎవరూ ఇంకో జవాబు చెప్పరు. ఒక కప్పు కింద ఉండే తోడబుట్టినవాళ్లకు రెండు పొయ్యిలున్నాయంటే వాళ్ల మధ్య మాటల్లేవని అర్థం. పెద్దమనుషులు వచ్చి కూర్చుని ఏం జరిగిందని అడుగుతారు. పొయ్యి ఒకటేనని చెప్పుకోవడం అక్కకు పరువు. భార్య పోయినవాణ్ని తెచ్చి తన చేత్తో పెడుతున్నానని వీధికి చెప్పినట్టు. ఆ మాటే మా ఇద్దరినీ ఒక కుటుంబం చేసింది. రిటర్ను వేసేదాకా దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు.

డెస్కులో ఉండగా ఇలాంటి వార్తలు ఎన్నో నా చేతుల మీదుగా పోయాయి. అనర్హుల ఏరివేత అని శీర్షిక పెట్టి, జిల్లా మొత్తం మీద ఎందరో ఒక అంకె వేసి, లోపలి పేజీలో సింగిల్ కాలమ్ ఇచ్చేవాళ్లం. చోటు చాలకపోతే చివరి పేరా తీసేసేవాళ్లం. చివరి పేరాలో సాధారణంగా ఎవరో ఒక ముసలామె మాట్లాడిన మాట ఉండేది. సచివాలయం నుంచి తిరిగొస్తూ అక్క పక్కన నడుస్తున్నప్పుడు అది గుర్తొచ్చింది. గుర్తొస్తే ఏదో అవ్వాలి కదా అనుకున్నాను. ఏమీ కాలేదు. ఎండగా ఉంది, గొడుగు ఆమె మీదికి ఎక్కువగా పట్టాను.

ఆడిటరు ఒక కాగితం రాసి సంతకం చేసి, సీలు వేసి ఇచ్చాడు. ఇతనికి పన్ను పడలేదు అని. సచివాలయంలో దాన్ని స్కాన్ చేసి పైకి పంపారు. కొన్నాళ్లకు పైనుంచి 'పరిశీలించడమైనది' అని వచ్చింది. పింఛను రాలేదు. పని మానేస్తే సరిపోతుందా అని ఆడిటరును అడిగాను. "మానేసినా వేసిన రిటర్నులు యాడికి పోతాయన్నా? అయ్యి పాత పేపర్లు కాదు, పొట్లాలు కట్టుకోవడానికి," అన్నాడు.

ఈ సంగతంతా జరుగుతున్న రోజుల్లో అక్క రోజూలాగే తెల్లవారకముందే లేచి రేవుకు పోయేది. చేపలు తెచ్చి చీల్చి, ఉప్పు పట్టించి, పందిళ్ల మీద పరిచేది. కాకుల్ని తోలేది. కానీ ఒకటో తారీఖు వచ్చేసరికి ఇంట్లో ఉండకుండా ఎటో పోయేది. వీధిలో స్కూటీ ఆగి ఆగి పోతుంటే, మిగతా ఆడవాళ్లు వేళ్లు తుడుచుకుంటూ బయటికి వస్తుంటే, మా అరుగు ఖాళీగా ఉండేది.

ఒకరోజు అన్నం తింటూ చెప్పాను. "నీకు నెలనెలా వచ్చేదెంతో అంత నేనిస్తాలే అక్కా. నా ఫీజులోంచి."

ఆమె నా పళ్లెంలో పులుసు పోస్తోంది. గరిటె ఆపలేదు.

"నువ్విస్తే అది నీది."

"ఎవరిదైతే ఏముంది? డబ్బు డబ్బే కదా."

"నీకు తెలీదులే. మీ బావ ఉన్నప్పుడు ఆయన చేతిలోంచి తీసుకున్నా. అంతకుముందు నాయన చేతిలోంచి. సంతలో బేరం చేసి తెచ్చేది ఉప్పుకూ ఐసుకూ పోతాది. నా మొకం చూసి, నీదే అని ఇంటికి తెచ్చి ఇచ్చేది అదొక్కటే. ఇంక నీ దగ్గర చెయ్యి చాపమంటావా?"

"చాపక్కర్లేదు. నేనే తెచ్చి పెడతా."

"ఒకటో తారీఖు స్కూటీ మీద వస్తావా?"

అని నవ్వింది. నేనూ నవ్వి ఉండాలి.

ఆమెకు ఒక కూతురుంది, వాకాడు అవతల కాపురం. పేరు అక్కడికి మార్పించుకుంటే ఎట్లా ఉంటుందని ఫోన్లో అడిగింది ఆ పిల్ల. అక్క, "అల్లుడింట్లో నాకు పొయ్యి యాడుంది?" అని ఫోను నాకిచ్చేసింది.

దారి ఆ సచివాలయం అమ్మాయే చెప్పింది. ఒకే ఇంట్లో ఉన్నా వంట వేరు, వాకిలి వేరు అయితే రెండు కుటుంబాలుగా రాయడానికి అర్జీ పెట్టుకోవచ్చు. ఆమె వచ్చి చూసి రాస్తుంది, పైవాళ్లు ఒప్పుకుంటే విడదీస్తారు. "కానీ సార్, నేను చూసిందే రాస్తా. చూడంది రాయమంటే నా ఉద్యోగం పోతాది," అంది.

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. వెనక వసారాలో ఒక చిన్న గ్యాస్ పొయ్యి పెడదాం, ఆ పిల్ల వచ్చి చూసిపోయాక తీసేద్దాం అన్నాను. నేను ఇందులో పెద్ద విషయమేమీ ఉందనుకోలేదు.

"చూసిపోయినాక తీసేసేదా?"

"మరి?"

"ఆ పిల్ల నా ఎదురుగా నిలబడి, అవ్వా వేరు పడినారా అంటే నేనేం చెప్పాల? అవునని నోటితో చెప్పి, సందేళ మళ్లీ నీకు వడ్డించాలా? ఒకసారి ఒకే పొయ్యి అని చెప్పినా. అది నిజమే చెప్పినా. ఇప్పుడు రెండని చెప్తే అదీ నిజమే కావాల."

"పింఛను కోసం మనం వేరు పడతామా?"

"నువ్వు ఆ పని మానుకోగలవా చెప్పు."

"మానుకుంటా," అన్నాను.

"మానుకుంటావులే. మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటావు. నువ్వు ఆ కుర్చీలో ఎట్టా కూర్చున్నావో నువ్వు చూళ్లేదు, నేను చూసినా. నీ పని నీకుండాల, నా పింఛను నాకుండాల. పొయ్యి పోతే పోయింది."

వాగు ఒడ్డు నుంచి మట్టి తెచ్చుకుంది. వరి ఊక కలిపి తొక్కి, వెనక వసారాలో తనే పొయ్యి వేసుకుంది. గ్యాస్ స్టవ్వు నాకు వదిలేసింది, అది నా డబ్బుతో కొన్నదని. వసారాకు దొడ్డి వైపు నుంచి వేరే దారి ఎటూ ఉంది. ఆమె మంచం, ట్రంకు పెట్టె అటు మార్చుకుంది. మధ్య తలుపు వేయలేదు. వేయాల్సిన పని లేదంది. మట్టి ఆరడానికి ఎండ సరిపోయింది. ఆరేదాకా నా వైపే వండి పెట్టింది. ఇదే చివరిసారి పెట్టే అన్నం అని నాకు చెప్పలేదు. నాకూ తెలియలేదు.

మా వాళ్లలో వేరు పడిన ఇళ్లకు ఒక పద్ధతి ఉంది. ఏడాది తిరిగేదాకా వండినది ఒక పొయ్యి మీది నుంచి ఇంకో ఇంటికి పోకూడదు. పచ్చి చేప పోవచ్చు, ఉప్పు పోవచ్చు, కట్టెలు పోవచ్చు. ఉడికింది పోకూడదు. వేరు పడినవాళ్లు పూర్తిగా వేరు పడాలని, లేకపోతే ఇక్కడ కొంత అక్కడ కొంత తిని తగాదాలు తెగవని పెట్టుకున్నారేమో. అన్నదమ్ముల మధ్య పెట్టిన పద్ధతి అది. అక్కా తమ్ముళ్లకు వర్తిస్తుందని ఎవరూ చెప్పలేదు. అక్క వర్తింపజేసింది.

సచివాలయం అమ్మాయి వచ్చి చూసింది. మట్టి పొయ్యి ఫొటో తీసింది, దాని మీద కుండలో ఉడుకుతున్న అన్నం ఫొటో తీసింది. నా స్టవ్వు ఫొటో కూడా తీసింది. స్టవ్వు మీద ఏమీ లేదు.

"సార్, మీరు వండుకోరా?"

"వండుకుంటా. ఇంకా మొదలుపెట్టలేదు."

"వాడు వండుకుంటాడులే," అంది అక్క వసారాలోంచి. "పేపర్లకు రాసినోడు, అన్నం వండలేడా?"

అమ్మాయి నవ్వుతూ రాసుకుంది. పోయేముందు అక్కను అడిగింది, "అవ్వా, వేరు పడినారా?" అని. అక్క తల పైకెత్తకుండా, "పడినాం," అంది.

వీధిలో కబురు పాకింది. ఇద్దరు ముగ్గురు పెద్దలు సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, ఏం జరిగిందని నన్ను అడిగారు. ఇన్‌కం టాక్సు అన్నాను. వాళ్లకు నమ్మకం కుదరలేదు. ఒకాయన గొంతు తగ్గించి, "ఏదన్నా మాట తూలినావా?" అన్నాడు. లేదన్నాను. "అయితే జాగా గొడవా?" అన్నాడు. కాదన్నాను. టాక్సు వల్ల ఇల్లు వేరు పడటం వాళ్లెప్పుడూ వినలేదు. నేను కూడా వినలేదని చెప్పాను. కాసేపు కూర్చుని వెళ్లిపోయారు.

అర్జీ పైకి పోయి తిరిగి రావడానికి కొన్ని నెలలు పట్టింది. ఒకటో తారీఖున స్కూటీ మళ్లీ మా వీధిలో ఆగింది. ఈసారి ముందు అరుగు దగ్గర కాదు, దొడ్డి వైపు చుట్టు తిరిగి వచ్చింది, ఆమె వాకిలి ఇప్పుడు అటు కాబట్టి. నేను ముందు గదిలో కంపెనీ పత్రికకు ప్రూఫులు చూస్తున్నాను. వేలు పడలేదు అనడం వినిపించింది. ఇంకో వేలు పెట్టమనడం వినిపించింది. "ఇటు చూడవ్వా, కళ్లు తెరువు," అనడం వినిపించింది. ఆ తర్వాత అక్క ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. ఏమందో తెలియలేదు.

ఆ అమ్మాయి పోతూ పోతూ నా కిటికీ దగ్గర ఆగింది. "సార్, పని అయిపోయింది. ఇంక ఎవరూ వచ్చి చూడరు. కావాలంటే కలిసి తినండి, నేను చూళ్లేదు."

అక్కకు చెప్పాను. "ఏడాది కానీ," అంది.

నేను వండుకోవడం మొదలుపెట్టాను. అన్నం ఒకరోజు మెత్తన, ఒకరోజు పలుకు. కూర ఎక్కువగా కొనుక్కొచ్చినదే. ముత్తుకూరు నుంచి వచ్చే రోజు బస్టాండు దగ్గర కర్రీ పాయింటులో పొట్లం కట్టించుకుని వచ్చేవాణ్ని. రిటర్ను వేసే నెల వస్తే ఆడిటరు ఫోన్ చేశాడు. వేయమన్నాను. ఈసారి కూడా సున్నాయే అన్నాడు. సరే అన్నాను.

మొన్న ఆదివారం అక్క మధ్య గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి, నా వైపు ఒక పొట్లం చాపింది. ఎండు నెత్తళ్లు. ఎండువే అయినా ఉడికినవి కావు కాబట్టి పోవచ్చు.

"పులుసు పెట్టుకో. ఎన్నాళ్లు ఆ కర్రీ పాయింటు?"

"నాకు రాదు."

"నేను చెప్తా. నువ్వు చెయ్యి."

ఆమె గడప అవతలే పీట వేసుకుని కూర్చుంది. నేను స్టవ్వు దగ్గర నిలబడ్డాను. నెత్తళ్ల తలలు తుంచమంది, తుంచాను. వేడినీళ్లలో వేసి తియ్యమంది. ఉల్లిపాయ సన్నగా తరగమంటే తరిగాను. "అది సన్నమా?" అంది. మళ్లీ తరిగాను. చింతపండు ఎంతో చేత్తో చూపించింది. మంట తగ్గించమంది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి లేచి నిలబడి మెడ చాచి గిన్నెలోకి చూస్తోంది. కాలు మాత్రం గడప దాటలేదు.

"నూనె పైకి తేలిందా?"

"తేలింది."

"ఆపేయ్. అన్నంలో కలుపుకుని తిని చూడు."

పళ్లెంలో పెట్టుకుని అక్కడే నేల మీద కూర్చున్నాను. ఒక ముద్ద తిన్నాను. అక్క నా నోటి వైపే చూస్తోంది. వాసన పీల్చింది గానీ, తను రుచి చూడటానికి లేదు.

"ఎట్టుంది?"

"తెలియడం లేదు."

"తెలియకపోవడమేంది? ఇంకో ముద్ద తిను."

ఇంకో ముద్ద తిన్నాను. తొందరపడకుండా నమిలాను.

"ఉప్పు చాల్లేదు," అన్నాను.

"వేసుకో అయితే," అని పీట తీసుకుని తన పొయ్యి దగ్గరికి పోయింది.